థాయ్‌లాండ్‌లో ఇల్లు, అక్కడి పన్ను నోటీసు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడు ఒకే దేశానికి సంబంధించినవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వెళ్లి థాయ్‌లాండ్‌లో స్థిరపడిన వారు, అక్కడ ఆస్తి ఉంచుకుని తిరిగి వచ్చిన వారు స్థానిక ఆస్తి పన్ను గురించి అడిగారు. మొదటి పాఠకునికి గడువు దగ్గరపడినందువల్ల జవాబు విడిగా ముందే పంపాము. ఇతరులకు కూడా పనికివస్తుందని ఇక్కడ ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా బ్యాంకాక్‌లో ఒక పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పని చేస్తున్నాను. 2019లో నా పేరిట ఒక కాండోమినియం ఫ్లాట్ కొన్నాను. దానికి పన్ను 2021లో 42 బాట్లు, 2022లో 420, 2023లో 357, 2024లో మళ్లీ 420 కట్టాను. నిరుడు నాన్నగారి అనారోగ్యం వల్ల చాలా నెలలు ఊళ్లోనే ఉండవలసి వచ్చి, ఫ్లాటును ఒక ఏజెంటుకు అప్పగించాను. ఆయన దానిని పర్యాటకులకు రోజు లెక్కన అద్దెకు ఇచ్చాడు. డిసెంబరు రెండో వారంలో తిరిగి వచ్చి ఆ ఏర్పాటు మానుకుని, నేనే అందులో ఉంటున్నాను. ఇప్పుడు పూర్తిగా థాయ్ భాషలో ఒక నోటీసు వచ్చింది. నాకు అందులో 2568 అన్న అంకె, 6,300 బాట్లు అన్న మొత్తం తప్ప మరేమీ అర్థం కాలేదు. విదేశీయుడిని కాబట్టి ఎక్కువ వేశారా? కట్టక తప్పదా? — ఒక పాఠకుడు, ప్రస్తుతం బ్యాంకాక్

జవాబు: మీరు విదేశీయులైనందువల్ల ఎక్కువ వేయలేదు. అక్కడి భూమి, కట్టడాల పన్ను చట్టంలో స్వదేశీయునికి ఒక రేటు, పరదేశీయునికి ఒక రేటు అన్నది లేదు. రేటును నిర్ణయించేది ఆస్తిని ఏ పనికి వాడుతున్నారన్న అంశమే. మీ నోటీసులో తేడా అక్కడే వచ్చిందని మీరిచ్చిన అంకెలే చెబుతున్నాయి.

2568 అంటే బౌద్ధ శకం. అందులోంచి 543 తీసివేస్తే మన 2025 వస్తుంది. థాయ్ ప్రభుత్వ కాగితాలన్నిటిలో సంవత్సరం ఇలాగే ఉంటుంది కనుక, గడువు తేదీలు చదివేటప్పుడు ఈ తీసివేత ముందుగా చేసుకోవాలి.

ఇక మొత్తం సంగతి. ఈ పన్ను 2019లో వచ్చిన చట్టం ప్రకారం 2020 నుంచి వసూలవుతోంది. అంతకు ముందు 1932 నాటి ఇళ్ల పన్ను, 1965 నాటి స్థానిక అభివృద్ధి పన్ను వేరువేరుగా ఉండేవి. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాల్లో పన్నులో 90 శాతం మాఫీ చేసి పదో వంతే తీసుకున్నారు. 2022లో పూర్తి పన్ను, 2023లో 15 శాతం తగ్గింపు ఇచ్చారు. మీ ఫ్లాటు విలువను 21 లక్షల బాట్లుగా లెక్కగట్టారనుకోండి. యజమాని మరోచోట ఉంటూ ఉంచుకున్న ఇల్లు, నెలవారీ అద్దెకిచ్చిన ఇల్లు వంటి వాటికి మొదటి 5 కోట్ల బాట్ల విలువ వరకు రేటు 0.02 శాతం, అంటే లక్షకు 20 బాట్లు. 21 లక్షలకు 420 అవుతుంది. దానిలో పదో వంతు 42, పదిహేను శాతం తగ్గిస్తే 357. మీ పాత రసీదులన్నీ ఈ లెక్కతో అణువంత తేడా లేకుండా సరిపోతున్నాయి. ఈసారి వచ్చిన 6,300 అదే 21 లక్షలకు 0.3 శాతం. ఇది వ్యాపారం తదితర వినియోగాలకు వేసే మొదటి శ్లాబు రేటు. విలువ మారలేదు, రేటు పదిహేను రెట్లయింది. పర్యాటకులకు రోజు లెక్కన ఇచ్చిన కాలంలో మీ ఫ్లాటు వసతిగృహం కిందికి, అంటే నివాసేతర వినియోగం కిందికి మారి నమోదై ఉండాలి. అదే ఇంటిని ఒక కుటుంబానికి నెల అద్దెకిచ్చి ఉంటే అది నివాసంగానే ఉండేది.

నల్లగొండలో కూడా ఇంటి కింది భాగాన్ని దుకాణానికి ఇచ్చినప్పుడు మున్సిపాలిటీ వాళ్లు ఆ భాగాన్ని నివాసేతరంగా రాసుకుని పన్ను పెంచుతారు. దుకాణం ఖాళీ అయ్యాక మనం వెళ్లి చెప్పకపోతే రిజిస్టరులో అది దుకాణంగానే ఉండిపోతుంది. నేను రెవెన్యూ విభాగంలో పని చేసిన కాలంలో, తాళం పడి నాలుగేళ్లయిన చెప్పుల దుకాణానికి అంతకాలమూ దుకాణం రేటునే కడుతూ వచ్చిన ఒక పెద్దాయన, ఆ పాత రసీదులన్నిటినీ సంచిలో పేర్చుకుని మా బల్ల ముందుకు వచ్చారు. ఆయన ఒక్క దరఖాస్తు రాసి ఉంటే సరిపోయేది. మీ విషయంలో అలా జరగకూడదని కోరుకుంటున్నాను.

అక్కడ కూడా బాధ్యత యజమానిదే. వినియోగం మారినప్పుడు మారిన రోజు నుంచి 60 రోజులలోపు స్థానిక సంస్థకు తెలపాలని చట్టం చెబుతుంది. బ్యాంకాక్‌లో స్థానిక సంస్థ అంటే మీ ఖేత్ కార్యాలయం, అంటే జిల్లా కార్యాలయం. ఇతర పట్టణాల్లో తెసబాన్ అనే మున్సిపాలిటీ, పల్లెల్లో ఓ బో తో అని పిలిచే ఉపజిల్లా పాలక సంస్థ ఈ పన్ను వసూలు చేస్తాయి. పన్ను బాధ్యత జనవరి 1వ తేదీ నాటి పరిస్థితిని బట్టి నిలుస్తుంది. మీరు డిసెంబరు రెండో వారంలోనే రోజువారీ అద్దెలు మాని నివాసం మొదలుపెట్టారు కనుక, జనవరి 1 నాటికి అది నివాసమే. మీ వాదనకు బలం ఈ తేదీయే. దానికి ఆధారాలు కూడగట్టండి. ఏజెంటుతో ఒప్పందం ముగించిన కాగితం, డిసెంబరు, జనవరి నెలల కరెంటు బిల్లులు, మీరు అక్కడ నివసిస్తున్నట్లు భవన నిర్వహణ కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం, మీ పాస్‌పోర్టులో తిరుగు ప్రయాణపు ముద్ర ఉన్న పేజీ, ఈ నాలుగూ ఉంటే చాలు.

నోటీసు అందిన రోజు నుంచి 30 రోజులలోపు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. స్థానిక అధికారి దానిని 60 రోజులలోపు తేల్చాలి. ఆయన నిర్ణయం మీకు నచ్చకపోతే మరో 30 రోజులలోపు అప్పీలు కమిటీకి, అటు తరువాత కోర్టుకు వెళ్లవచ్చు. మీ కేసు అంతదూరం పోతుందని నేను అనుకోను. కవరు మీద తపాలా ముద్ర ఉన్నా, అందిన తేదీని మీరు కూడా నోటీసు అంచున రాసి పెట్టుకోండి. ముప్ఫై రోజుల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.

ఒక జాగ్రత్త. అభ్యంతరం ఇచ్చినంత మాత్రాన కట్టవలసిన గడువు ఆగదు. మామూలుగా ఈ పన్ను ఏప్రిల్ చివరిలోపు కట్టాలి. కొన్ని సంవత్సరాల్లో ప్రభుత్వం గడువును పొడిగించింది గానీ, పొడిగిస్తారులే అని కూర్చోవడం మంచిది కాదు. వాయిదాకు విడిగా అనుమతి అడగవచ్చు. అది రాకపోతే కట్టేయండి, అభ్యంతరం నెగ్గితే ఎక్కువ కట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది. పన్ను 3,000 బాట్లు లేదా అంతకు మించితే మూడు సమాన వాయిదాల్లో కట్టే వీలు కూడా ఉంది.

ఇది సర్దుబాటైతే మీ పన్ను మళ్లీ 420కి వస్తుంది. దానిని సున్నాకు తెచ్చే మార్గం కూడా చట్టంలోనే ఉంది. యజమాని స్వయంగా నివసిస్తూ, ఆ ఇంటి నమోదు పుస్తకంలో తన పేరు ఉన్నట్లయితే 5 కోట్ల బాట్ల విలువ వరకు పన్ను లేదు. ఈ పుస్తకాన్ని అక్కడ తబియన్ బాన్ అంటారు. దేశ పౌరులకు నీలిరంగు పుస్తకం, మీలాంటి విదేశీ నివాసులకు పసుపు రంగు పుస్తకం ఇస్తారు. పాస్‌పోర్టుకు ధ్రువీకరించిన థాయ్ అనువాదం, ఫ్లాటు హక్కు పత్రం, మిమ్మల్ని ఎరిగిన సాక్షులు అవసరమవుతారు. మీ పేరు జనవరి 1 నాటికి పుస్తకంలో ఎక్కి ఉండాలి కనుక, ఈ ఏడాది లోపలే ఆ పని పూర్తి చేసుకుని, పుస్తకం నకలును పన్ను విభాగానికి ఇచ్చి, మినహాయింపు నమోదు చేయమని అర్జీ పెట్టండి. పుస్తకం చేతికి రాగానే పన్ను దానంతట అది తగ్గదు. రెండు విభాగాల కిటికీలూ వేరు.

చివరగా ఇంకొక మాట. ముప్ఫై రోజులకు తక్కువ కాలానికి ఫ్లాటును అద్దెకివ్వడం అక్కడి 2004 నాటి హోటళ్ల చట్టం ప్రకారం లైసెన్సు అవసరమైన పని. లైసెన్సు లేకుండా మళ్లీ ఎన్నడూ అందుకు ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. నాన్నగారి కోసం మళ్లీ రావలసి వస్తే నెలవారీ కుటుంబానికి ఇవ్వండి, లేదా తాళం వేసి రండి.

ప్రశ్న: అయ్యా, మాది మిర్యాలగూడ. మా చిన్నబాబు ఖోన్ కేన్ అనే ఊరి అమ్మాయిని పెండ్లి చేసుకుని అక్కడే ఉంటున్నాడు. కోడలి పేరు మీద రెండు రాయ్‌ల భూమి ఉంది. ఒక మూలన మా బాబు సంపాదనతో ఇల్లు కట్టుకున్నారు, మిగిలిన దానిలో వరి వేస్తారు. ఇక్కడ మేము ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉంటే ఇల్లు వారిదేనని అనుకుంటాం. అందుకని అక్కడ పన్ను రసీదునైనా మా బాబు పేరుకు మార్పించమంటున్నాను. వాడేమో మాకు పన్నే రాదంటున్నాడు. పన్ను రాకపోతే ఇల్లు లెక్కలోకి ఎక్కలేదనేనా? — ఒక తల్లి

జవాబు: తల్లీ, మీ బాబు చెప్పింది నిజమే. ఇల్లు లెక్కలో ఉండి కూడా పన్ను రాకపోవచ్చు.

ఒక రాయ్ అంటే 1,600 చదరపు మీటర్లు. మన లెక్కలో పదహారు గుంటలకు కొంచెం తక్కువ. రెండు రాయ్‌లు అంటే దాదాపు ముప్ఫై రెండు గుంటల జాగ. వరి పండే భాగం వ్యవసాయ భూమి కనుక, వ్యక్తి పేరున ఉన్నప్పుడు ఒక స్థానిక సంస్థ పరిధిలో 5 కోట్ల బాట్ల విలువ వరకు పన్ను లేదు. ఇల్లున్న మూల భూమి, ఇల్లు రెండూ మీ కోడలి పేరునే ఉండి, ఆమె పేరు ఆ ఇంటి పుస్తకంలో ఉంటే దానికీ 5 కోట్ల వరకు మినహాయింపే. అందుకే బిల్లు రాదు. నాగలి కట్టని జాగ అయితే సంగతి వేరు. ఖాళీగా వదిలేసిన భూమికి 0.3 శాతం నుంచి మొదలై, మూడేళ్లు వరుసగా అలాగే వదిలితే మరో 0.3 శాతం చొప్పున పెరుగుతూ గరిష్ఠంగా 3 శాతం దాకా పోతుంది. అందువల్లనే బ్యాంకాక్ నడిబొడ్డున ఖరీదైన ఖాళీ స్థలాల్లో కూడా అరటి, నిమ్మ మొక్కలు కనిపించసాగాయి. వ్యవసాయంగా ఒప్పుకోవడానికి రాయ్‌కు ఇన్ని చెట్లుండాలని లెక్క కూడా పెట్టారు. అరటి అయితే 200, మామిడి అయితే 20. 

ఇక మీ అసలు దిగులు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఈ మాట మన దగ్గరా నిజమే. మున్సిపాలిటీ రిజిస్టరులో పేరు పన్ను వసూలు కోసమే ఉంటుంది, ఇంటి మీద హక్కు రిజిస్టరైన దస్తావేజు వల్ల వస్తుంది. థాయ్‌లాండ్‌లో హక్కు భూమి కార్యాలయం ఇచ్చే చనోత్ అనే పత్రం మీద ఉంటుంది. గరుడ ముద్ర ఉన్న ఆ కాగితాన్ని మన పట్టాదారు పాసుపుస్తకంతో పోల్చుకోవచ్చు. ఆ పత్రం మీద విదేశీయుని పేరు సాధారణంగా ఎక్కదు. భర్త విదేశీయుడైనప్పుడు, భూమికి పెట్టిన డబ్బు భార్య సొంతమని ఇద్దరూ సంతకం చేసి ఇచ్చాకే ఆమె పేరున నమోదు చేస్తారు. అంటే డబ్బు మీరు మిత్తికి తెచ్చి పంపినా, కాగితం మీద భూమి ఆమెదే. ఈ సంగతి మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా దాచకుండా చెప్పడమే మేలు.

అయితే భూమి వేరు, దాని మీది కట్టడం వేరు అని అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఇతరుల భూమి మీద కట్టడాన్ని సొంతంగా ఉంచుకునే హక్కును, భూమిని జీవితాంతం అనుభవించే హక్కును, 30 ఏళ్ల వరకు లీజును భూమి కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. ఇల్లు ఇలా మీ బాబు పేరున ఉండి, ఆయన పేరు పసుపు పుస్తకంలో ఉంటే, ఇంటి విలువలో మొదటి కోటి బాట్ల వరకు పన్ను లేదు. అప్పుడు ఇంటి కింది భూమికి మాత్రం మీ కోడలు 0.02 శాతం కట్టవలసి వస్తుంది. ఆ మూల విలువ 5 లక్షల బాట్లు అనుకుంటే ఏడాదికి 100 బాట్లు. హక్కు కోసం ఈ వంద బాట్లు కట్టడం నష్టమేమీ కాదని నా అభిప్రాయం. కానీ భార్యాభర్తలు వివాహకాలంలో తమలో తాము చేసుకున్న ఒప్పందాన్ని, వివాహం సాగినంత కాలమూ, అది రద్దయ్యాక ఏడాదిలోపునూ ఇద్దరిలో ఎవరైనా రద్దు చేసుకునే వీలు అక్కడి పౌర స్మృతిలో ఉంది. అందువల్ల కొన్ని భూమి కార్యాలయాలు దంపతుల మధ్య ఇటువంటి నమోదుకు వెనుకాడతాయి కూడా. ఖోన్ కేన్‌లోనే ఒక న్యాయవాదిని కలిసి, మీ కోడలు కూడా పక్కన కూర్చుని వినేలా మాట్లాడుకోమని బాబుకు చెప్పండి. ఆమెకు తెలియకుండా రసీదు పేరు మార్పించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. దానివల్ల హక్కు రాదు, ఇంట్లో మనసులు విరుగుతాయి.

ప్రశ్న: నేను 2022లో తిరిగి వచ్చి జడ్చర్లలో ఉంటున్నాను. పట్టాయాలో నా ఫ్లాటు నెల అద్దెకు ఉంది. విలువ 15 లక్షల బాట్లు. భవనానికి ఏటా నిర్వహణ రుసుము పంపుతున్నాను కనుక పన్ను అందులోనే ఉందనుకున్నాను. 2023, 2024 పన్ను కట్టలేదని ఇప్పుడు తెలిసింది. ఫ్లాటు అమ్మాలనుకుంటున్నాను. — ఒక పాఠకుడు

జవాబు: నిర్వహణ రుసుము భవనంలోని లిఫ్టులకు, కాపలాకు, ఊడ్పుకు పోతుంది. పన్ను పట్టాయా నగర కార్యాలయానికి పోతుంది. ఒకటి కడితే రెండోది తీరదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

మీ బాకీ చిన్నది. 2023కు 255, 2024కు 300 బాట్లు. గడువు దాటాక, హెచ్చరిక లేఖ రాకముందే కడితే పన్నులో 10 శాతం, లేఖలో ఇచ్చిన గడువులో కడితే 20 శాతం, అదీ దాటితే 40 శాతం జరిమానా పడుతుంది. దానిపైన నెలకు 1 శాతం చొప్పున అదనం. అన్నిటికంటే ఎక్కువ జరిమానా వేసుకున్నా మొత్తం వెయ్యి బాట్ల లోపే ఉంటుంది. అయినా దీనిని తేలికగా తీసుకోకండి. బాకీ ఉన్న ఆస్తుల జాబితాను స్థానిక సంస్థ భూమి కార్యాలయానికి పంపుతుంది, బాకీ తీరేదాకా ఆ ఆస్తి బదిలీని నమోదు చేయరు. కొనేవారు డబ్బుతో వచ్చి కూర్చున్న రోజున ఈ సంగతి బయటపడితే బేరం చెడిపోతుంది. మీ తరఫున కట్టేందుకు అక్కడ నమ్మకమైన మనిషికి అధికార పత్రం ఇచ్చి ఇప్పుడే కట్టించండి. రసీదుల అసలు ప్రతులు తెప్పించుకోండి.

మీరు అద్దె సంగతి రాశారు గానీ దాని మీది ఆదాయపు పన్ను గురించి అడగలేదు. అద్దె థాయ్‌లాండ్‌లోని స్థిరాస్తి నుంచి వచ్చేది కనుక మీరు ఎక్కడున్నా అక్కడ రిటర్ను వేయాలి. భారత్, థాయ్‌లాండ్‌ల మధ్య 2015లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం అక్కడ కట్టిన ఆదాయపు పన్నును ఇక్కడి పన్నులో సర్దుబాటు అడగవచ్చు. భవనం మీద కట్టే స్థానిక పన్ను ఆ సర్దుబాటులోకి రాదు. విదేశంలో నివసిస్తున్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవడానికి ఫెమా, అంటే మన విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం 6(4) సెక్షన్ అనుమతిస్తుంది, ఆ విషయంలో భయం అక్కర్లేదు. కానీ మీరు ఇక్కడ సాధారణ నివాసిగా లెక్కలోకి వచ్చిన సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు ఎఫ్‌ఏ నింపి తీరాలి. నింపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. తిరిగి వచ్చాక ఏ సంవత్సరంలో మీ హోదా మారిందో మహబూబ్‌నగర్‌లోని మీ చార్టర్డ్ అకౌంటెంటుతో రోజుల లెక్క చూపించి తేల్చుకోండి. వదిలేసిన సంవత్సరాలుంటే సవరించిన రిటర్నుకు గడువు ఇంకా ఉందేమో అదే రోజున అడగండి.